కనపడని నీళ్లు

మొన్న బందరు వెళ్తూ పులిగడ్డ దగ్గర, ఏరు దాటబోయే ముందు, ఆటో ఆపించాను. రోడ్డు పక్కన చెట్టుకి చేరగిలబడి ఒక మనిషి మొహం నిండా తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. కదలడం లేదు. దిగి గబగబా వెళ్లి ఆ తువ్వాలు లాగేశాను.

వాడు ఉలిక్కిపడి లేచాడు. "ఏమ్మా, నీకేమన్నా పిచ్చా? మనిషిని కాసేపు కునుకు తియ్యనివ్వవా?" అని మొదలుపెట్టి మా వంశం మొత్తాన్ని వరసగా పలకరించాడు.

"ఏం లేదు నాయనా, పడుకో" అని తువ్వాలు చేతికిచ్చి వచ్చేశాను.

ఆటోలో మా కోడలు తల దించుకుని కూర్చుంది. "అత్తయ్యా, ఇంకోసారి మీతో బయటికి రాను. ఏదో ఒక రోజు ఎవరో ఒకళ్లు కొడతారు మిమ్మల్ని. ఎందుకు చేస్తారో అదైనా చెప్పండి."

చెప్పబోతే నాకు గొంతు పట్టేస్తుంది. అందుకని రాస్తున్నాను. రాయడానికి గొంతుతో పని లేదు. నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక. పెద్ద మాటలు రావు, వచ్చినా నచ్చవు. మా తమ్ముడి సంగతి రాయడానికి అవి అక్కర్లేదు కూడా. వాడి పేరు రాయను. రాస్తే ఎవరో ఒకళ్లు పైకి చదువుతారు, నాకు వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది.

మా తమ్ముడు పిరికివాడు. చిన్నవయసులో పోయినవాళ్ల గురించి రాసేవాళ్లందరూ ధైర్యవంతుడు, ధీరుడు అని రాస్తారు. నేను రాయను. వాడంత పిరికివాణ్ణి దివిసీమ మొత్తం మీద నేను చూడలేదు.

వాడి భయం అంతా పాము మీదే. మాది పాలకాయతిప్ప వైపు, సముద్రానికి దగ్గర ఊరు. వరి చేలు, మినుము చేలు, రొయ్యల చెరువుల గట్లు, ఎక్కడ కాలు పెట్టినా ఆ భయం ఉన్నదే. అందుకే మా వైపు ఎవరూ పాము అనరు, పురుగు అంటారు. పురుగు ముట్టిందంటే పాము కరిచిందని పసిపిల్లకి కూడా తెలుసు. మా తమ్ముడు ఆ మాట కూడా అనేవాడు కాదు. "పొడుగాయన" అనేవాడు.

"అక్కా, గడ్డిమేటు వెనక పొడుగాయనగారు ఉన్నారేమో కాస్త చూడవే."

"గారు అంటే కరవదా ఏంట్రా?"

"మర్యాదిస్తే మర్యాదగా వెళ్లిపోతారేమోనని."

వాడి చేతిలో ఎప్పుడూ ఒక వెదురు కర్ర ఉండేది. ఏది ముట్టుకోవాలన్నా ముందు దాన్ని కర్రతో కొట్టాలి. తలుపు కొడతాడు, చెప్పులు కొడతాడు, దుప్పటి కొడతాడు, పిడకల గూడు కొడతాడు. మంచం మీద నుంచి ఇప్పుడే లేచి నీళ్లు తాగి వచ్చి, అదే మంచాన్ని మళ్లీ కొడతాడు. ఇంట్లోకి వచ్చేటప్పుడు మామగారిలాగా దగ్గుతూ వస్తాడు. ఎవరింటికి వెళ్లినా కాళ్లు కింద పెట్టడు, కుర్చీలో పైకి మడిచి కూర్చుంటాడు.

బంటుమిల్లి వైపు ఒక పిల్లని చూడటానికి తీసుకెళ్లాం. అక్కడా కుర్చీలో కాళ్లు మడిచి కూర్చున్నాడు. నేను మోచేత్తో పొడుస్తున్నాను, దించడే. పిల్లతో ఏదన్నా మాట్లాడు బాబూ అన్నారు వాళ్ల పెద్దవాళ్లు. వీడు గొంతు సవరించుకుని, "మీ ఊళ్లో పొడుగాయనలు ఎక్కువా అండీ?" అన్నాడు. విషయం తెలిశాక పిల్ల పకపకా నవ్వింది. వాళ్ల నాన్న నవ్వలేదు. మధ్యవర్తితో కబురొచ్చింది: అబ్బాయి మంచివాడేగానీ రేపు ఇంట్లో దొంగలు పడితే ముందు మంచం కిందకి దూరేది అతనే, పిల్లనివ్వలేం.

నాకు తల కొట్టేసినట్టయింది. వాడు మాత్రం నిజంగా ఆలోచించి అన్నాడు: "మంచం కిందకి ఎందుకు దూరతానక్కా? ఆయన ఉండేది అక్కడే కదా."

మోపిదేవి మీదుగా వెళ్లినప్పుడు సుబ్రహ్మణ్యస్వామి గుళ్లోకి రమ్మంటే వచ్చేవాడు కాదు. రోడ్డు మీదే నిలబడి దణ్ణం పెట్టేవాడు. "దేవుడే కానీ, ఆయన కూడా పొడుగాయనే కదక్కా" అనేవాడు.

సాయంత్రాలు బడిలో పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పేవాళ్లు. నేను వెళ్తుంటే లాంతరు పట్టుకుని నాకు తోడు వచ్చేవాడు. తోడు అనేది పేరుకే. అడుగుకో దెబ్బ చొప్పున కర్రతో నేల కొడుతూ, ఆకు కదిలితే నా వెనక్కి వచ్చేవాడు. ఊళ్లో ఆడవాళ్లు "అక్క తమ్ముణ్ణి బడికి దిగబెడుతోంది" అని నవ్వేవాళ్లు.

ఇంత పిరికివాడు పురుగు కబురు మోసేవాడయ్యాడు. ఆ పద్ధతి ఇప్పటివాళ్లకి తెలియదు గనక చెప్తాను.

ఏటి ఒడ్డున ఒక లంక ఊళ్లో మంత్రం వేసే తాత ఉండేవాడు. కాటు పడిన మనిషిని ఆయన దగ్గరికి తీసుకెళ్లరు. మనిషిని కదపకూడదు, కబురు వెళ్లాలి. కబురు తీసుకెళ్లేవాడు దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు. తాత ముందు నిలబడి "ముట్టింది" అని ఒక్క మాట అనాలి. తాత లేచి ఆ కబురు తెచ్చినవాడి చెంప పగలగొడతాడు. ఇక్కడ చెంప మీద దెబ్బ పడితే అక్కడ కాట్లో విషం దిగుతుందని నమ్మకం. తర్వాత వాడి తువ్వాలు కొసకి ఏదో గొణుగుతూ ఒక ముడి వేస్తాడు. కాటు పడిన మనిషి కోలుకున్నాక తన చేత్తో తనే ఆ ముడి విప్పుకోవాలి. ఇంకెవరూ విప్పకూడదు. కోలుకోకపోతే ఆ తువ్వాలు ముడితోనే ఏట్లో వదిలెయ్యాలి.

మా తమ్ముడికి సైకిలుంది, అందుకని మొదటిసారి పంపారు. తర్వాత ఊరివాళ్లు ఇంకొకణ్ణి పంపబోతే తాతే వద్దన్నాడట. "ధైర్యవంతుడు దారిలో ఆగి చుట్ట కాలుస్తాడు. వాడు ఆగడు. వాణ్ణే పంపండి."

అలా అయ్యాడు. ఐదు వేళ్లూ అచ్చు పడిన చెంపతో ఇంటికొచ్చేవాడు. నేను ఉప్పునీళ్లతో కాపడం పెడుతూ, "కాటు వాళ్లకి, వాపు నీకూనా?" అని తిట్టేదాన్ని. వాడికి గర్వంగానే ఉండేది. చాలా ముడులు విప్పుకున్నారు జనం. విప్పుకుని నవ్వేవాళ్లు, వీడికి అరటిగెల ఇచ్చేవాళ్లు. విప్పనివి కూడా కొన్ని మిగిలాయి. వాటిని వాడు ఏట్లో వదల్లేదు. మా ఇంటి దూలానికి వేలాడదీశాడు. గాలికి ఆ తువ్వాళ్లు ఊగుతుంటే నేను వంటింటి తలుపు వేసేసుకునేదాన్ని.

"ఏట్లో వదిలెయ్యరా, శనిలాగా ఏంటవి ఇంట్లో?"

"వదిలేస్తే మర్చిపోతానక్కా."

మా వీధిలోనే ఒక కొత్తకోడలు ఉండేది. నన్ను పిన్నీ అనేది. పిడకలు తీస్తుంటే పురుగు ముట్టింది. వీడు సైకిలు మీద వెళ్లి, దెబ్బ తిని, ముడి వేయించుకుని వచ్చేసరికి వాకిట్లో పడుకోబెట్టేశారు. వీడు తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడి, "నన్ను కొట్టేటప్పటికి బతికే ఉందా?" అని కనపడినవాళ్లందర్నీ అడిగాడు. మర్నాడు పొద్దున్నే ఎవరూ పంపకుండా తాత దగ్గరికి వెళ్లాడు. వచ్చి నాకొక్కదానికే చెప్పాడు. చెప్తుంటే పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"తాత ఏమన్నాడో తెలుసా అక్కా? పొడుగాయన కరిచినప్పుడల్లా విషం దింపడంట. దింపనప్పుడు తాత మంత్రం పారుద్దంట. దింపితే మాత్రం బందరు డాక్టరేనంట. మరి ఆ మాట పైకి చెప్పొచ్చు కదా తాతా అన్నాను. చెప్తే నా గుమ్మం ఎవడు తొక్కుతాడ్రా అన్నాడు. తాతకి కూడా భయమేనే."

బందరు డాక్టరు అనడం తేలిక. మాది దీవి. అప్పట్లో ఆ సూదిమందు మా దగ్గర దొరికేది కాదు, బందరు వెళ్లాల్సిందే. బందరు వెళ్లాలంటే పులిగడ్డ అక్విడెక్టు, అదే ఏటి మీదుగా కాలవని మోసే వంతెన, దాటాలి. మా వైపు పెద్ద కట్టుబాటు ఒకటుంది. పురుగు ముట్టిన మనిషి నీరు దాటకూడదు, దాటితే విషం పొంగుతుంది. పులిగడ్డలో కింద ఏరు, పక్కనే కాలవ. ఒక్క చోటే రెండు నీళ్లు. అంతకంటే చావైనా నయం అనుకునేవాళ్లు. నేను కూడా అనుకున్నాను.

వాడు సైకిలు అమ్మేసి, మా ఆయన్ని వెంటబెట్టుకుని గుడివాడ వెళ్లి ఒక పాత మోపెడ్ కొనుక్కొచ్చాడు. కోడి గొంతు పిసికినట్టు ఉండేది దాని మోత. దాన్ని పాకలో పెట్టి గోనెపట్టా కప్పేవాడు. తీసేటప్పుడు పట్టాని కర్రతో నాలుగు బాదుళ్లు బాదనిదే చెయ్యి వేసేవాడు కాదు. ఆ చప్పుడుకి పక్కింటి కుక్క మొరిగేది. కర్ర చప్పుడు, కుక్క అరుపు, మోపెడ్ మోత, ఈ మూడూ వరసగా వినపడ్డాయంటే ఎక్కడో ఎవరికో ముట్టిందని నాకు తెలిసిపోయేది.

మొదటిసారి ఎక్కించుకున్నది పక్క ఊరి కూలి మనిషిని. వెనక కూర్చోబెట్టి తువ్వాలుతో తన నడుముకి కట్టుకున్నాడు. అక్విడెక్టు నడిమధ్యకి వచ్చేసరికి అతను ఏటిని చూశాడు. చూసి ఒక కేక పెట్టి, కట్టు పీక్కుని, దూకి, వచ్చిన దారినే పరుగెత్తాడు. ఇవతలి ఒడ్డు దాకా వచ్చి పడ్డాడు. మళ్లీ లేవలేదు.

అతని వాళ్లు మా తమ్ముణ్ణి కొట్టారు. నీరు దాటించబోయి చంపావన్నారు. చిరిగిన చొక్కాతో వచ్చి మంచం మీద కాళ్లు మడిచి కూర్చున్నాడు. "ఇక చాలు. ఆ బండి అమ్మేసెయ్. ఈసారి నిన్ను చంపుతారు" అన్నాను. వాడు నా మాట వినలేదు. ఆ చొక్కా విప్పుతూ అన్నాడు:

"నీళ్లు చంపలేదక్కా. నీళ్లు చూసి పరిగెత్తాడు. అతనితోపాటు విషం పరిగెత్తింది. తప్పు నాదే. భయపడకు భయపడకు అని దారంతా చెప్తానే ఉన్నాను. భయపడేవాడికి ఆ మాట వినపడదే. నాకు తెలియదా? నాకెప్పుడైనా వినపడిందా? భయపడేదాన్ని కనపడకుండా చెయ్యాలి, అంతే."

మర్నాటినుంచి ఊళ్లో కొత్త మాట ఒకటి పుట్టింది. కళ్లకి తువ్వాలు కట్టుకుని దాటితే దోషం లేదంట, కనపడని నీళ్లు దాటినట్టు కాదంట, తాతే చెప్పాడంట. జనం ఊరుకుంటారా, వెళ్లి తాతనే అడిగారు. తాత ఇంత పొగాకు నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, "అన్నాను. ఎప్పుడో అన్నాను" అన్నాడట. అంతేకాదు, చెంపదెబ్బ మానేసి, కావాల్సినన్ని తువ్వాళ్లకి ముందే ముడులు వేసి మావాడి చేతికిచ్చాడు. ఆ తువ్వాలు కళ్లకి కడతాడు, బందరు తీసుకెళ్తాడు, బతికి వచ్చినవాళ్లు ముడి విప్పుకుంటారు.

తర్వాత నా వంతు వచ్చింది.

మినుము పీకుతున్నాను. మడమ దగ్గర నిప్పుకణిక పెట్టినట్టయింది. రక్తపింజర. అది వెళ్లడం కూడా చూశాను. చేలో ఆడవాళ్లు కేకలు వేశారు. కాసేపటికి కోడి గొంతు మోత గట్టు మీద వినపడింది. వెనక మా ఆయన కూర్చుని ఉన్నాడు.

"అక్కా, ఎక్కు."

ఆ కట్టుబాటు ఉత్తిదని నాకు తెలుసు. తువ్వాలు మాట వాడి కల్పనే అని కూడా తెలుసు, నా మంచం మీద కూర్చునే కదా కల్పించాడు. అన్నీ తెలిసినదాన్ని నేను ఏమన్నానంటే, "ముందు తువ్వాలు కట్టరా" అన్నాను.

కట్టాడు. చెవుల మీదుగా, ముక్కుకి ఊపిరి ఆడేట్టు, వెనక చిన్న ముడితో. మధ్యలో నన్ను కూర్చోబెట్టి వెనక మా ఆయన పట్టుకున్నాడు. నా మొహం వాడి వీపుకి ఆనింది. వీపు తడిసి ముద్దయింది, వణుకుతోంది. లోపల గుండె రోకలి దంచినట్టు దంచుతోంది. కాటు నాకు పడిందా వీడికి పడిందా అనుకున్నాను.

"అక్కా, పడుకోకు. ఏం వాసనొస్తోందో చెప్పు."

"నీ చెమట."

"అది కాదే. ఊరు చెప్పు, ఊరు."

"ఎండుచేపలు. కోడూరు దాటాం."

"ఆ. మా అక్కకి ముక్కు బాగా పనిచేస్తోంది బావా! తర్వాత?"

"బజ్జీల నూనె. అవనిగడ్డ."

"తింటావా? వచ్చేటప్పుడు తిందాం. నాలుగు నీకు, రెండు బావకి."

"నాకు రెండేనేంట్రా?" వెనకనుంచి మా ఆయన. గొంతు ఏడుపులా ఉంది.

ఆ తర్వాత బండి చప్పుడు మారింది. కింద నేల లేనట్టు డొల్లగా వినపడుతోంది. మొహానికి చల్లగా గాలి కొట్టింది. నా ఒళ్లంతా బిగిసిపోయింది.

"ఏటి మీదున్నాం కదరా?"

"లేదక్కా. అవనిగడ్డ బజారే ఇంకా."

"అవనిగడ్డ బజార్లో ఏటిగాలి వీస్తుందంట్రా, దొంగవెధవా!"

"వీస్తుందిలే. నువ్వు తిడతా ఉండు అక్కా, ఆపకు. తిడతా ఉండు."

తిట్టాను. పుట్టినప్పటినుంచి వాడు చేసిన వెధవపనులన్నీ ఎత్తి తిట్టాను. వాడి వీపు మీద నోరు పెట్టి తిట్టాను. కర్పూరం వాసన వచ్చేదాకా, మోపిదేవి వచ్చేదాకా తిడుతూనే ఉన్నాను. చెయ్యి పైకెత్తి తువ్వాలు లాగెయ్యడానికి ఎంతసేపు? లాగలేదు. ఉత్తిదని తెలిసి కూడా లాగలేదు.

బతికాను. కాలు మామూలైంది. ఆసుపత్రి మంచం దగ్గరికి తువ్వాలు తెచ్చి "విప్పు" అన్నాడు. నా వేళ్లకి ఇంకా పట్టు రాలేదు.

"నువ్వే విప్పరా. అబద్ధమంతా నీదే కదా, ఎవరు విప్పితే ఏంటి?"

"నీళ్ల మాట నాది. ముడి నాది కాదక్కా, తాతది. విప్పు."

పంటితో విప్పాను. అప్పుడు మాత్రం కాళ్లు కింద పెట్టి కూర్చున్నాడు.

అక్కడినుంచి మా రోడ్డు మొత్తానికి ఆ తువ్వాలు గుర్తయిపోయింది. కళ్లకి తువ్వాలు కట్టిన మనిషి ఏ బండి మీద కనపడినా బస్సువాళ్లు పక్కకి తీసేవాళ్లు. బండి దొరకనివాళ్లు రోడ్డు పక్కన తువ్వాలు కట్టుకుని కూర్చుంటే లారీ అయినా ఆగి ఎక్కించుకునేది. కోడూరునుంచి చల్లపల్లి దాకా టీ కొట్లవాళ్లందరూ మావాణ్ణి బావా, మావయ్యా అని పిలిచేవాళ్లు. పిరికివాడనే మాట పోలేదు. "పిరికి మావయ్య వస్తున్నాడు, దారివ్వండెహె" అనేవాళ్లు. నాకు మాత్రం మోపెడ్ మోత మొదలైన దగ్గర్నుంచి తిరిగి వినపడేదాకా అన్నం దిగేది కాదు. ఇంతమందిని ఆయన నోట్లోంచి లాగుతున్నాడు, ఆయన ఊరుకుంటాడా అనిపించేది. బావి దగ్గర, పొయ్యి దగ్గర, ఎక్కడున్నా అదే. నేను కూడా పొడుగాయన అనడం మొదలుపెట్టానని అప్పటికి గమనించుకోలేదు.

తాత ముసలితనంతో పోయాడు. ఆయన ముడులు వేసిన తువ్వాళ్లు అయిపోయాయి. వీడు ఉత్త తువ్వాలే కట్టి తీసుకెళ్లేవాడు.

ఆ యేడు నాట్లప్పుడు, మధ్యాహ్నం, వెనక వీధినుంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. అక్కడ ఒకళ్ల పసిపిల్లకి ముట్టింది. వీడు అన్నం ముందునుంచి లేచి పాకలోకి పరుగెత్తాడు. కుక్క మొరగలేదు. మోపెడ్ మోత ఒక్కటే వినపడింది.

వీడు వెళ్లేసరికి పిల్ల తండ్రి పాల వ్యాను ఆపి పిల్లని తీసుకుని వెళ్లిపోయాడు. ఇంటి దగ్గర పిల్ల నాయనమ్మ ఉంది. ఆవిడతో వీడు, "సరేనండి, నేను కూడా బందరే వెళ్తున్నా" అన్నాడట. కుడిచేతి మణికట్టు ఎడంచేత్తో పట్టుకుని ఉన్నాడని, బండి తగిలిందేమో అనుకున్నానని ఆవిడ తర్వాత చెప్పింది. పిల్లకి తోడు వెళ్లాడని ఊరంతా అనుకుంది. నేను కూడా అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా పాల వ్యాను తిరిగొచ్చింది. పిల్ల తండ్రి దిగి, "పిల్ల గండం గట్టెక్కింది వదినా, వాళ్లమ్మని తీసుకెళ్దామని వచ్చాను" అన్నాడు.

"మా తమ్ముడేడి?"

"బందరు రాలేదే. పులిగడ్డలో చెట్టు కింద కనపడ్డాడు. మొహాన తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. నాకోసమే చూస్తా చూస్తా అలిసి కునుకు తీశాడనుకున్నా. లేపబుద్ధి కాలేదు వదినా."

నేను పాకలోకి వెళ్లాను. గోనెపట్టా ఒక మూలకి విసిరేసి ఉంది. కర్ర గోడకి ఆనించి ఉంది, వాడు పొద్దున పెట్టినట్టే. కర్ర తీసుకుని పట్టాని కొట్టాను. దాని కిందనుంచి తాచు ఒకటి తాపీగా బయటికొచ్చి, గోడ పక్కన పాక్కుంటూ వెళ్లిపోయింది.

అదే వ్యానులో మా ఆయన, నేను పులిగడ్డ వెళ్లాం. ఏటికి ఇవతలే చెట్టుంది. మోపెడ్ స్టాండు వేసి ఉంది. వాడు చెట్టుకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. కాళ్లు పైకి మడిచి లేవు, ముందుకి చాపి ఉన్నాయి. తువ్వాలు కప్పుకుని లేడు. కట్టుకుని ఉన్నాడు. చెవుల మీదుగా, ముక్కుకి ఊపిరి ఆడేట్టు, అందరికీ కట్టినట్టే. ఎదురుగా టీ కొట్టు. దాని ముందు జనం. బస్సులు వెళ్తున్నాయి.

నేను పిలిచాను. తిట్టాను. గట్టిగా తిట్టాను. తర్వాత తువ్వాలు తీశాను.

జనం చాలా మాటలన్నారు. ఎంతమందిని దాటించినా ఆఖరికి తన దాకా వస్తే వాడు కూడా నీళ్లకి భయపడి ఆగిపోయాడన్నారు. తన అబద్ధాన్ని తనే నమ్మాడన్నారు. బంటుమిల్లి సంబంధం సంగతి తవ్వి తీసి, వాళ్లు చెప్పింది నిజమేనన్నవాళ్లూ ఉన్నారు. డాక్టరు మాత్రం వేరే చెప్పాడు. తాచు కాటుకి ముందు కనురెప్పలు వాలిపోతాయట, ఎంత లాగినా తెరుచుకోవట, తర్వాత నాలుక మడత పడుతుందట. కళ్లు మూసుకుపోతుంటే బండి నడపలేక దిగి ఉంటాడమ్మా, కేక వెయ్యడానికి నోరు కూడా వచ్చి ఉండదు అన్నాడు.

వాళ్ల మాట వాళ్లది. నేను చూసింది నేను చెప్తాను. వాడి తువ్వాలు కొసకి ఒక ముడి ఉంది. అప్పటికి తాత లేడు. కబురు మోయడానికి ఎవరూ లేరు. ఆ ముడి వాడే వేసుకున్నాడు, ఎడంచేత్తో, వంకరగా. విప్పుకుంటానన్నవాడే కదా ముడి వేసుకునేది? నీళ్లకి భయపడి ఆగినవాడికి ముడెందుకు? రోడ్డు మొత్తానికి తను నేర్పిన గుర్తే తన మొహానికి కట్టుకుని, ఎవరో ఒకళ్లు ఆగి ఏరు దాటిస్తారని కూర్చున్నాడు. ఇంకెవరు అలా కూర్చున్నా ఆగేవాళ్లే. ఆ చెట్టు కింద వాడు ఎన్నిసార్లు కూర్చోలేదు, ఎన్నిసార్లు టీ తాగలేదు. పిరికి మావయ్య కునుకు తీస్తున్నాడనుకున్నారు. పాపం, చప్పుడు చెయ్యకుండా పక్కనుంచి వెళ్లారు.

భయపడలేదని నేను అనను. వాడు భయపడని రోజు లేదు, ఆ రోజు ఇంకా ఎక్కువ భయపడి ఉంటాడు. దారంతా తిట్టడానికి అక్క కూడా లేదు.

దూలానికి ఉన్న తువ్వాళ్లు వాడితోపాటే ఏట్లో వదిలేశాం. ఈ తువ్వాలు వదల్లేదు. పెట్టెలో ఉంది. ముడి అలాగే ఉంది. ఎవర్నీ విప్పనివ్వను, నేను విప్పను.

ఇప్పుడు పట్టా తీసే ముందు కర్రతో కొట్టేది నేను. ఇంట్లోకి దగ్గుతూ వచ్చేది నేను. కోడలు నవ్వుకుంటుంది, నవ్వుకోనీ. పులిగడ్డ రోడ్డు మీద మొహాన తువ్వాలుతో ఎవరు కనపడినా ఆటో ఆపుతాను, దిగుతాను, లాగుతాను. ఆ గుడ్డ కిందనుంచి ఏ మొహం వస్తుందోనని ప్రతిసారీ చూస్తాను. అంతలో ఆ మనిషి లేచి బూతులందుకుంటాడు.

తిట్టనీ అమ్మాయ్. తిట్టాడంటే బతికున్నాడు.